ఎనిమిదో దెబ్బ

ఆకివీడు దాటాక, ఉప్పుటేరు వంతెనకి ఇవతల,
మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీలో మా ప్రాక్టీసు.
గోడల్లో ఇంకా అమ్మోనియా వాసన.
థర్మాకోల్ పెట్టెలు చుట్టూ పేర్చాం
శబ్దం బయటికి పోకూడదని.
అయినా పోయేది.
కాటా దగ్గర రొయ్యలు తలలు తీసే ఆడవాళ్ళు
"మొదలెట్టారమ్మా మిక్సీ" అనేవారు.

మాటలు నేను రాసేవాణ్ణి.
పదకొండు నిమిషాల పాట, నాలుగు భాగాలు.
మొదటిదాంట్లో ఒక సూర్యుడు ఆరిపోతాడు,
రెండోదాంట్లో కాలం వెనక్కి నడుస్తుంది,
మూడోది ఒక చక్రవర్తి కల,
నాలుగోది నాకే అర్థం కాలేదు గానీ
గిటారు అక్కడ బాగుంటుంది.
అంతా ఇంగ్లీషు,
డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని రాసిన ఇంగ్లీషు.

డ్రమ్ములు జెకర్యా.
క్రిస్మస్ కేరల్స్‌కి వాయించి వాయించి నేర్చాడు.
ఏడు మాత్రలు, ఐదు, మళ్ళీ ఏడు.
కాళ్ళూ చేతులూ తలో దిక్కుకీ పోతున్నా
మొహం మాత్రం భోజనానికి కూర్చున్నట్టుంటుంది.
ఒక సాయంత్రం పుల్లలు ఒళ్ళో పెట్టుకుని అడిగాడు:
"సూర్యుడు ఆరిపోయాడు, సరే.
నీకేం పోయిందిరా?"

కోపం వచ్చింది.
ఈ సంగీతమంటే ఆలోచన అన్నాను.
ఏడ్చుకునేవాళ్ళకి వేరే పాటలున్నాయి పొమ్మన్నాను.
వాడు వాదించలేదు.
ఆ ఏడు మాత్రలే మళ్ళీ వాయించాడు,
మెల్లగా, మాటల్లేకుండా.

అప్పుడు వినపడింది.
జనరేటర్.

పద్నాలుగేళ్ళు నాకు. రెండెకరాల కౌలు చెరువు.
నలభై కౌంటుకొచ్చిన వెనామీ, వారంలో పట్టుబడి.
కరెంటు పోతే జనరేటర్ వెయ్యడం నా పని.
వేశాను కూడా.
పాతది. ఏడుసార్లు కొట్టుకుని ఒకసారి ఊపిరి మింగేది,
ఏడుసార్లు కొట్టుకుని
ఆ దెబ్బల మీదే నిద్రపోయాను.
ఎప్పుడాగిందో.
పద్నాలుగేళ్ళ నిద్ర నిశ్శబ్దానికి లేవదు.

మూడున్నరకి లేచి టార్చి వేస్తే
నీటి మీదంతా కళ్ళు,
ఎర్రగా, వేలకి వేలు,
గాలి కోసం పైకొచ్చిన కళ్ళు.
అమ్మ బకెట్టుతో, బాబాయి తెడ్డుతో,
నేను ఉత్త చేతుల్తో
నీళ్ళని కొట్టాం, కొట్టాం,
ఏరేటర్ల బదులు మేమే తిరిగినట్టు.
తెల్లారేసరికి గట్టు పొడుగునా తెల్లటి వరస.

నాన్న ఏమీ అనలేదు.
నా దగ్గరకొచ్చి చెయ్యెత్తాడు.
ఎత్తిన చేత్తో తన మొహమే తుడుచుకున్నాడు.
ఆ దెబ్బ ఇప్పటికీ పడలేదు.

లెక్క ఎవరికైనా నేర్పొచ్చు.
పంతొమ్మిది మాత్రలైనా వేళ్ళ మీద వెయ్యొచ్చు.
ఎనిమిదోది రావాల్సిన చోట
రాకపోతే మిగిలే ఆ కాస్త గుంటలో
ఏం పెట్టాలో లెక్కకి తెలీదు.
సూర్యుణ్ణి పెట్టి చూశాను, పట్టలేదు.
చక్రవర్తికి కిరీటం అడ్డమొచ్చింది.
ఎత్తి దించుకున్న ఒక చెయ్యి
సరిగ్గా దిగింది.

ఆ రాత్రే తెలుగులో రాశాను, మొదటిసారి.
అరిచి పాడే మా రత్నకిషోర్
"పట్టుబడి" అన్న మాటని అరవలేక నవ్వాడు ముందు.
నాలుగు లైన్లు పోయాక
నీళ్ళు తాగొస్తానని బయటికెళ్ళాడు.
నాలుగో భాగం కొట్టేశాం.
గిటారు ఇప్పటికీ కొంచెం బాధపడుతుంది.

నాన్నకి వినిపించలేదు. అడక్కండి.

తాడేపల్లిగూడెంలో ఒక మండపం సెల్లారు,
అరవై కుర్చీలు, ముప్పై మంది.
అయిపోయాక సౌండ్ సిస్టం తాలూకు ఒకాయన
చెవుల్లోంచి దూది తీసుకుంటూ వచ్చాడు.
పాట బాగుందనలేదు, బాలేదనలేదు.
"ఆ జనరేటర్ ఏ కంపెనీదండీ?" అన్నాడు.
చెప్పాను.
తలూపి,
చుట్టేసిన కేబులే విప్పి
మళ్ళీ చుట్టడం మొదలెట్టాడు.